నీలం చేపను వదిలెయ్యమన్న ఆంటీ

పొరుగింట్లోంచి శవం లేచిన వారంలోనే, ఆ ఇంటివాళ్ళు నోటిదాకా వచ్చినా ఆపుకున్న కూడును మీరు మీ విందుకు పురమాయిస్తారా?

అడుగుతున్నది మిమ్మల్నే. ఈ సహవాస పత్రికను ఫోన్‌లో తెరిచి, కాఫీ తాగుతూ, ఎవరో పోయారట పాపం అనుకుని పైకి తోసెయ్యబోతున్న మిమ్మల్నే.

పోయింది మా పక్కింటి ఆంటీ. హవాయిలో మేముండే ఈ తీరపు ఊళ్ళోనే పుట్టింది, ఇక్కడే ముసలిదైంది, పోయిన వారం ఇక్కడి ఆసుపత్రిలోనే కన్నుమూసింది. నా భార్య అక్కడ నర్సు. ఆ ఉదయం డ్యూటీ దిగకముందే ఫోన్ చేసి, "ఆంటీ వెళ్ళిపోయిందండీ" అంది. తర్వాత, "వాళ్ళమ్మాయి ఒక్కతే ఉంది. మీరొచ్చి ప్రార్థన చెయ్యండి. పొడుగ్గా చెయ్యకండి" అంది.

పొట్టిగానే చేశాను. జీవితంలో మొదటిసారి నాకు ప్రార్థనలో మాట అందలేదు.

నన్ను ఎరగనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. నేను బైబిలు కాలేజీ గుమ్మం తొక్కినవాణ్ణి కాదు. హోటళ్ళలో ఏసీలు బాగుచేస్తాను. భార్య ఉద్యోగం వెంట ఈ దీవికి వచ్చాను. ఆదివారాలు ఒక స్కూలు గదిలో ఇక్కడున్న కొద్ది తెలుగు కుటుంబాలకు వాక్యం చెబుతాను. శుక్రవారాల ఫోన్ ప్రార్థనలో సముద్రం అవతలి అమెరికా ఊళ్ళ నుంచి షామ్‌బర్గ్ వాళ్ళు, క్యారీ వాళ్ళు, సన్నీవేల్ వాళ్ళు కలుస్తారు. నా గొంతు పెద్దదని, స్పీకర్ పగిలిపోతోందని మీరే నవ్వుతారు. ఈ రోజు ఇంకాస్త పెంచుతున్నాను, ఓర్చుకోండి.

ఎందుకంటే మన వేసవి కూడిక రేపు మా దీవిలో మొదలవుతోంది. విందుకు మన వంటల కమిటీ ఉహు చేపలు పురమాయించింది. ఆ చేపల్ని ఈ రాత్రి ఒకతను మా ఊరి రేవు నీళ్ళలోంచి పొడిచి తెస్తాడు. ఆ నీళ్ళు ఇప్పుడు మూసి ఉన్నాయి. మూయించింది ఆంటీ.

ఉహు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. పగడపు దిబ్బల మీద బతికే చేప అది. దాని మూతి చిలకముక్కులా ఉంటుంది, మనవాళ్ళు చూస్తే చిలకచేప అంటారు. ఆ ముక్కుతో రాళ్ళమీది నాచును గీకి తింటుంది. నీళ్ళలో తల ముంచితే చాలు, పళ్ళ కింద పటికబెల్లం నలిగినట్టు ఆ చప్పుడు వినిపిస్తుంది. నాచుతోపాటు రాయినీ నమిలి, పొడిచేసి, ఇసుకగా వదులుతుంది. అది గీకకపోతే నాచు పెరిగి దిబ్బ ఊపిరాడక చస్తుంది. దిబ్బ చస్తే అలలు నేరుగా ఇళ్ళమీదికొస్తాయి.

ఆంటీ ఇదే సంగతిని ఇంకో రకంగా చెప్పేది. హోటల్ ముందు తెల్లటి ఇసుక మీద తువ్వాళ్ళు పరుచుకుని పడుకున్నవాళ్ళని చూపించి, "అందరూ ఉహు పెంట మీద పడుకుని ఫోటోలు దిగుతున్నారు. పైగా రోజుకి ఎంతో ఇచ్చుకుని" అనేది. ముఖంలో నవ్వు కనబడనివ్వకుండా అనేది. వినేవాళ్ళం మాత్రం పొట్ట పట్టుకునేవాళ్ళం.

మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆకుల్లో చుట్టిన చేప తీసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఇక్కడ కూడా పెద్దవాళ్ళని ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. చుట్టరికం ఉండనక్కర్లేదు, వయసు ఉంటే చాలు. అందుకే నాకు ఆమెను ఆంటీ అనడానికి నోరు తిప్పుకోవలసిన పని లేకపోయింది. కూర్చున్నాక నా ఉద్యోగం అడగలేదు, జీతం అడగలేదు, ఏ చర్చి అని కూడా అడగలేదు.

"మీ ఊళ్ళో చేప ఏది?" అంది.

బందరు దగ్గర ఊరు మాది. "పండుగప్ప" అని చెప్పాను. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళకి పెడితే సంబంధం కుదిరిపోయే చేప అని కూడా చెప్పాను.

"దాన్ని ఎప్పుడు వదిలేస్తారు?"

నాకు అర్థం కాలేదు. "వదిలెయ్యడం ఏంటి ఆంటీ?"

"పట్టడం ఎప్పుడో అందరికీ తెలుసుగా. వదిలేది ఎప్పుడు అని అడుగుతున్నాను" అంది. నేను నా భార్య వంక చూశాను. నా భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ చేపను నా భార్య చింతపండు వేసి పులుసు పెట్టింది. ఇక్కడ చింతచెట్లకి కొదవ లేదు. ఆంటీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, నీళ్ళు తాగి, "అమ్మాయీ, ఈ చేప ఏం పాపం చేసిందని ఇంత శిక్ష వేశావ్?" అంది. అయినా గిన్నె అడుగుదాకా తింది. ఆ తర్వాత మా ఇంటికి చేప తెచ్చిన ప్రతిసారీ, "శిక్షించు" అని నా భార్య చేతికి ఇచ్చేది.

వాళ్ళకు ఉహు ఉత్త కూర కాదు. బిడ్డకి మొదటి పుట్టినరోజు వస్తే ఉహు ఉండాలి. పడవకి కొత్త చెక్క వేస్తే ఉహు ఉండాలి. మనిషి పోతే ఆ ఇంటి భోజనంలో ఉహు ఉండాలి. ఆంటీ చిన్నప్పుడు వాళ్ళ నాన్న పట్టిన చేపల్లో ఒక వంతు కొండమీద ఉన్న మేనత్త ఇంటికి వెళ్ళేదట. అక్కణ్ణుంచి చేమదుంపలు దిగేవట. ఒక వంతు బజారుకి వెళ్ళేదట. ఆంటీ స్కూలు బట్టలు, ఇంటి రేకులు, అమ్మకి మందులు అందులోంచే వచ్చాయి. "మా ఊరికి బ్యాంకు లేదు. అవసరం లేకపోయింది, నీళ్ళు ఉన్నాయి కదా" అనేది.

ఆ మాటకి అర్థం నాకు హోటళ్ళు మూతపడిన రోజుల్లో తెలిసింది. టూరిస్టులు రావడం ఆగింది. ఏసీలు ఆగాయి, నా పనీ ఆగింది. ఊళ్ళో సగంమంది హోటల్ పని మీద బతికేవాళ్ళే. అప్పుడు ఆంటీ వాళ్ళ పడవ తిరిగి రాగానే ఆమె రేవులో ఆకులు పరిచి వాటాలు వేసేది. వేటకి మనిషి లేని ఇంటికి మొదట. ముసలివాళ్ళున్న ఇంటికి ఆ తర్వాత. పడవ నడిపినవాళ్ళకి ఆఖరున. మా ఇల్లు మొదటి వరసలో ఉంది. నేను మొహమాటపడితే, "నువ్వు వేటాడలేవు, ఈదలేవు, పడవలో కక్కుతావు. నీకంటే దిక్కులేనివాడు ఎవడున్నాడు ఈ ఊళ్ళో?" అంది. రేవంతా నవ్వింది. నేను ఆకు పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ ఏడాది మా పిల్లలు ఒక్కపూట కూడా ఆకలితో పడుకోలేదు. అరణ్యంలో ఆకలిగొన్న జనానికి ఆకాశం నుంచి కురిసిన మన్నా గురించి నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆకులో చుట్టి ఇచ్చే మన్నా గురించి ఆ ఏడాదే చేశాను.

మా ఇద్దరికీ గొడవలు లేవని అనుకోకండి. ఆంటీ కూడా ప్రభువు బిడ్డే. ఊళ్ళో పగడపు రాళ్ళతో కట్టిన పాత గుడిలో వెనక బల్ల ఆమెది. వాక్యం వాళ్ళ భాషలో చదువుకునేది. అయినా వేటకి వెళ్ళేటప్పుడు వేటకి అని ఎవరూ అనకూడదనేది, అలా తిరిగొస్తాం అనాలట. వేటకి అంటే చేపలకి తెలిసిపోతుందట. నేను మండిపడేవాణ్ణి. నా భార్య మాత్రం, "మనూళ్ళో బయల్దేరేవాణ్ణి ఎక్కడికి అని అడుగుతామా ఏంటండీ?" అనేసి ఆంటీ పక్షం చేరేది.

ఒక మధ్యాహ్నం ఆంటీ తన మొగుడి కథ చెప్పింది. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన నీళ్ళలోకి వెళ్ళినప్పుడు ఉహులు గెంతులేస్తూ కనబడితే ఇంటికొచ్చి ఆమెను నిలదీసేవాడట. పెళ్ళాం ఇంట్లో ఎవరితోనో ఇకఇకలాడుతోందని చేప చెప్పినట్టు లెక్కట.

"మరి నిజంగా నవ్వారా ఆంటీ?" అని నా భార్య అడిగింది.

"రేడియో బాగుచెయ్యడానికి వచ్చినవాడు అన్ని జోకులేస్తే నవ్వనా? మంచి చేప. ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు."

"ఇది మూఢనమ్మకం ఆంటీ" అన్నాను నేను.

ఆమె నా వైపు తిరిగింది. "బైబిల్లో గాడిద మాట్లాడిందని రాసి ఉంటే ఆమెన్ అంటావు. చేప నోరు తెరిస్తే మూఢనమ్మకమా, పాస్టర్?"

"నేను పాస్టర్ని కాదు ఆంటీ."

"తెలుసు. అరుపు మాత్రం పాస్టర్‌దే."

ఇక నీలం చేప సంగతి. ఉహుల్లో ఎర్రగా, మట్టిరంగులో ఉండేవి ఆడవి. నీలంగా, పెద్దగా మెరిసేది మగది. ఒక మగదాని చుట్టూ కొన్ని ఆడవి కాపురం ఉంటాయి. ఆ నీలందాన్ని ఎవరైనా పొడిచి తీసుకుపోతే, ఆడవాటిలో అన్నిటికంటే పెద్దది రంగు మార్చుకుని తానే మగదవుతుంది. దేవుడు వాటిని అలా చేశాడు. "పెద్దాయన పోతే పెద్దావిడ ప్యాంటు తొడుక్కుంటుంది. మంచిదే. కానీ ఇంట్లో ఎక్కువ గుడ్లు పెట్టే తల్లి ఆమే కదా, ఆ తల్లి పోయినట్టే" అని ఆంటీ చెప్పింది. ఆ కొత్త పెద్దాయన్నీ పొడిస్తే ఇంకో తల్లి పోతుంది. పొడుస్తూ పోతే చివరికి చిన్నచిన్నవి మిగులుతాయి, గుడ్లు పెట్టేవి ఉండవు. అందుకే నీలందాన్ని ముట్టుకోకూడదని వాళ్ళ ఊరి మాట. గుడ్లు పెట్టే నెలల్లో అయితే రేవు మొత్తం మూసేస్తారు. ఏ రంగుదీ పట్టరు.

మూసేశారంటే కంచె ఉంటుందనుకోకండి. బోర్డు కూడా ఉండదు. చట్టం చెప్పేది కొంత ఉంది, కానీ ఆ రేవుని నిలబెట్టింది చట్టం కాదు. ఆంటీ. ఎవరిదైనా కొత్త ట్రక్కు వచ్చి ఆగిందంటే గిన్నెలో ఏదో ఒకటి పెట్టుకుని బయల్దేరేది. వద్దు అనే మాట ఆమె నోట నేను వినలేదు. ముందు తినమనేది. వాడు తింటుంటే, "మీ అమ్మమ్మ ఎవరు నాన్నా?" అని మొదలుపెట్టేది. దీవి చిన్నది. ఎవడి అమ్మమ్మైనా మూడో మాటకి ఆంటీకి తెలిసినావిడే అయ్యేది. "ఓ, ఆవిడా? ఆవిడా నేనూ ఒకే బల్ల మీద పాడేవాళ్ళం. ఆవిడకి ఉహు కాలేయం అంటే ప్రాణం. మూసిన నెలల్లో మాత్రం చచ్చినా ముట్టేది కాదు" అనేది. అంతే. వాడు గిన్నె కడిగి ఇచ్చి, ట్రక్కు వెనక్కి తిప్పుకునేవాడు. కడిగి ఇవ్వకపోతే కడిగించేది.

"తినడానికి వచ్చినవాణ్ణి తిట్టకు. ముందు తినిపించు. కడుపు నిండినవాడికి చెవులు వినిపిస్తాయి" అని నాతో అనేది. నా ప్రసంగాలు ఎప్పుడూ మధ్యాహ్న భోజనానికి ముందు ఉంటాయని గుర్తుచేసేది.

భూమికి కూడా విశ్రాంతి ఏడాది ఇవ్వమని దేవుడు ఆజ్ఞాపించాడు. పొలాన్ని దున్నకుండా, కోయకుండా వదిలెయ్యమన్నాడు. ఆ అధ్యాయం మీద నేను గంటలు గంటలు మాట్లాడగలను. దాన్ని పాటించిన మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను, ఆమె పొలం నీళ్ళలో ఉంది.

పోయిన వారం ఆమె పోయినప్పుడు రేవు మూసి ఉంది. భోజనాల గురించి వాళ్ళింట్లో మాట వచ్చింది. నేనూ, నా భార్యా అక్కడే ఉన్నాం. ఆంటీ తమ్ముడు అరుగు మీద తల వంచుకుని కూర్చుని, "ఒక్కటి. అక్కకి ఒక్కటి తెస్తాను. ఎవరేమంటారు?" అన్నాడు.

ఆంటీ కూతురు బియ్యం కడుగుతోంది. తల ఎత్తలేదు. "అమ్మ అంటుంది" అంది.

ఆయన ఇంక అడగలేదు. కాసేపు ఏడ్చాడు. ఆ మర్నాడు భోజనంలో కోడి పెట్టారు, చేమదుంప ముద్ద పెట్టారు, ఎక్కడి నుంచో డబ్బాల్లో వచ్చిన చేప పెట్టారు. ఆంటీ ఫోటో ముందు ఒక ఆకు పరిచారు. ఉహు ఉండవలసిన చోట చిటికెడు ఉప్పు పెట్టారు. ఊరంతా వచ్చింది, ఊరంతా ఆ ఆకును చూసింది. ఇంట్లో పెద్దదిక్కు పోయిన రోజున, రెండడుగుల్లో నీళ్ళు ఉండి, వాటిలో చేప ఉండి, పట్టే చేతులుండి, ఆకులో ఉప్పు పెట్టుకున్నవాళ్ళు వాళ్ళు. ఉపవాసమని నేను ఎన్నోసార్లు ప్రకటించాను. అది ఉపవాసం.

ఇక మన సంగతి వినండి.

భోజనాలయ్యాక ఇంటికొచ్చేసరికి వంటల కమిటీ పెద్ద ఫోన్ చేశాడు. ఆయన షామ్‌బర్గ్ సహోదరుడు. మంచివాడు, పని ఎత్తుకుంటే వదలడు, మీరంతా ఎరిగినవాడే. అందుకే ఇంకా మండుతోంది నాకు.

"వందనాలు బ్రదర్. గుడ్ న్యూస్. కూడికకి ఉహు దొరికింది. ఫుల్ ఫ్రెష్. ఒకతను డైరెక్ట్‌గా రీఫ్ నుంచి తెస్తాడు."

"ఏ రీఫ్ బ్రదర్?"

"మీ ఇంటి పక్కదే అంట. మీకు దగ్గర కదా, పికప్ మీరు చేసేస్తే సరిపోద్ది."

ఆయన హుషారుగా సాగించాడు. "మీరు చెప్పినట్టే చేశాం బ్రదర్. ఆ పిట్టగూడు మెసేజ్ ఉంది చూడండి, తల్లిని ముట్టుకోవద్దు అని. అది మా అందరికీ బాగా టచ్ అయింది. రెడ్ కలర్‌వి ఆడవి అని గూగుల్ చేసి కనుక్కున్నాను. ఒక్క రెడ్ కూడా వద్దని అతనికి స్ట్రిక్ట్‌గా చెప్పాను. ఓన్లీ బ్లూ. అన్నీ మగవే. పైగా పెద్దవి, తలకాయ పులుసుకి బాగుంటాయి."

సహోదరులారా, గూటిలో తల్లి పిట్ట కనబడితే తల్లిని వదిలెయ్యాలని ధర్మశాస్త్రంలో ఉన్న మాట మీద కిందటి నెల ఒక శుక్రవారం నేను మీతో మాట్లాడాను. ఈ రేవు గురించీ, ఆంటీ గురించీ అప్పుడే చెప్పాను. నేను చెప్పింది ఏది వదలాలో. మీరు విన్నది ఏది తినొచ్చో.

నీలంది పోతే ఏమవుతుందో ఆయనకి చెప్పాను. ఓపికగా విన్నాడు.

"అంటే రెడ్‌వి తెమ్మని చెప్పమంటారా?" అన్నాడు.

"ఏదీ వద్దు. నీళ్ళు మూసి ఉన్నాయి."

"గవర్నమెంట్ క్లోజ్ చేసిందా?"

"ఊరు మూసింది."

"అయితే లీగల్‌గా ప్రాబ్లం లేదు కదా బ్రదర్. ఇంత దూరం ఫ్లయిట్ ఎక్కి వచ్చి జనం చికెన్ ఏం తింటారు చెప్పండి? షామ్‌బర్గ్‌లో దొరకదా చికెన్?"

"మూయించినావిడ మొన్ననే పోయింది. ఆమె భోజనంలో ఇంటివాళ్ళే ఆ చేప తినలేదు. ఉప్పు పెట్టుకున్నారు."

"అయ్యో. సారీ బ్రదర్. నాకు తెలీదు." నిజంగానే బాధపడ్డాడు, గొంతులో తెలిసింది. తర్వాత, "ఒక పని చేద్దాం. వాళ్ళ ఫ్యామిలీ మొత్తాన్ని మన విందుకి పిలుద్దాం. ఉహు మనమే పెడదాం వాళ్ళకి" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేశాను. నా భార్య ఫోన్ తీసుకుని, "అన్నయ్యా, తర్వాత మాట్లాడతారు" అని పెట్టేసింది.

తర్వాత మళ్ళీ నేనే చేశాను. ఆర్డర్ ఆపమని అడిగాను. "కూడికకి వచ్చే మెంబర్స్ అడిగితే ఆపుతాం బ్రదర్. మీ ఒక్కరి మాట మీద కమిటీ డెసిషన్ మార్చడం బాగోదు కదా" అన్నాడు. అదీ నిజమే. ఏసీ బాగుచేసేవాడి ఒక్కడి మాట మీద ఎలా మారుస్తారు?

ఆ చేపలు పొడిచేవాడి దగ్గరికీ వెళ్ళాను. దీవికి అవతలి వైపు మనిషి. ఇంతకుముందు ఆంటీ చేతి కూడు తిని, అమ్మమ్మ పేరు విని, ట్రక్కు తిప్పుకుపోయినవాడే. చీకటి పడ్డాక దిగుతాడు. ఆ వేళకి ఉహులు రాళ్ళ సందుల్లో పడుకుని ఉంటాయి. నోటి జిగురుతో ఒంటి చుట్టూ పల్చటి తెర అల్లుకుని దాంట్లో నిద్రపోతాయి. లైటు వేస్తే కదలవు. దోమతెరలో పసిబిడ్డను పొడిచినట్టే.

"ఆంటీ పోయింది, తెలుసా?" అన్నాను.

"తెలుసు. మంచి మనిషి." అతను చూపు తిప్పుకున్నాడు. "నేను కాకపోతే ఇంకొకడు దిగుతాడు అంకుల్. మీవాళ్ళే అడిగారు. వాళ్ళు వద్దంటే దిగను. కొనేవాడు లేని చేపకోసం చలిలో ఎవడు తడుస్తాడు?"

అతన్ని తిట్టడానికే వెళ్ళాను. నోరు రాలేదు. మీవాళ్ళే అడిగారు అన్నాడు. అబద్ధం కాదు కదా.

మనకి నోరు ఎలా వచ్చింది అని అడుగుతున్నాను. మంచి మేత మేసి, మిగిలినదాన్ని కాళ్ళతో తొక్కుతారా, తేట నీళ్ళు తాగి, మిగిలినవాటిని బురద చేస్తారా అని దేవుడు తన మందలోని బలిసిన గొర్రెల్నే అడిగాడని ప్రవక్త చెప్పాడు. తోడేళ్ళని కాదు, గొర్రెల్ని. ఇంటికి ఇల్లు చేర్చుకుంటూ ఎవరికీ చోటు మిగల్చనివాళ్ళకి శ్రమ అని ఇంకో ప్రవక్త అరిచాడు. ఈ తీరం పొడుగునా ఆ ఇళ్ళు లేచాయి, వాటిలో వారం వారం అద్దెకి దిగేది మనమే. తన వలకే ధూపం వేసుకునే మనిషి గురించి మరో ప్రవక్త మొరపెట్టాడు. మన కూడిక బ్యానర్ మీద అయిదు రొట్టెలు, రెండు చేపల బొమ్మ వేయించుకున్నాం. ప్రభువు వాటిని పెంచాడని అందరికీ గుర్తుంది. అందరూ తిన్నాక, ఏదీ పాడుకాకుండా ముక్కలు పోగుచెయ్యండి అన్నాడని ఎవరికి గుర్తుంది? అద్భుతం చెయ్యగలవాడే ముక్క పారేయనివ్వలేదు. మనకి అద్భుతం చేతకాదు, పారేయడం మాత్రం వచ్చు.

ఒక చేప గురించి ఇంత గొంతు చించుకోవాలా అని కొందరికి అనిపిస్తుంది. ఈ దీవివాళ్ళకి భూమి పోయింది. రాజ్యం పోయింది. భాష పోయినంత పని అయి, పట్టుకుని నిలబెట్టుకుంటున్నారు. పిల్లలకి ఇక్కడ ఇల్లు కొనే శక్తి లేక దీవి వదిలి వెళ్ళిపోతున్నారు. మిగిలింది ఆ నాలుగు రాళ్ళ రేవు, అందులో ఆ చేప, దాన్ని ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో తెలిసిన తెలివి. ఆ తెలివి ఒక్క తరం వాడకపోతే పోతుంది. ఆంటీ తన కూతురికి ఇచ్చి వెళ్ళిన ఆస్తి అదొక్కటే. ఆమె చేతికి అది వచ్చిన మొదటి వారంలోనే దాన్ని మనం ప్రార్థన చేసుకుని, పులుసు పెట్టుకుని తినబోతున్నాం.

అందుకని మీ నుంచి నాకు సానుభూతి సందేశాలు వద్దు. దండం పెట్టే బొమ్మలు పంపకండి. ఆంటీ ఆత్మకి శాంతి అని రాయకండి, ఆమె శాంతిగానే ఉంది. కూడికకి పేరు ఇచ్చిన ప్రతి ఇంటివాళ్ళ దగ్గరా వంటల కమిటీ పెద్ద నంబరు ఉంది. ఆయనకి ఫోన్ చెయ్యండి. ఉహు మాకు వద్దు, చికెన్ చాలు, పప్పు చాలు, ఆర్డర్ ఆపండి అని చెప్పండి. గట్టిగా మాట్లాడకండి, ఆయన మంచివాడు. ఊరికే చెప్పండి. మెంబర్స్ అడిగితే ఆపుతానన్నాడు. మీరే మెంబర్స్. ఇప్పటికే దీవిలో దిగినవాళ్ళు నాకు చెప్పనక్కర్లేదు, నేరుగా వంటశాలకి వెళ్ళి చెప్పండి.

రేపటి ఆరాధనలో ఈ మాట ఎత్తుదాం అనకండి. రేపటికి చేపలు ఐసులో ఉంటాయి. షామ్‌బర్గ్‌లో సాయంత్రమైపోయింది, క్యారీలో పొద్దుగూకింది అని సాకు చెప్పకండి. మీకు చీకటి పడ్డాక కూడా మాకు ఇంకా చాలాసేపు ఎండ ఉంటుంది. అతను దిగేది మా చీకట్లో, మీ చీకట్లో కాదు.

ఇది రాస్తున్న కిటికీలోంచి రేవు కనబడుతోంది. అలలు వెనక్కి తగ్గాయి. ఆంటీ కూతురు మోకాలి లోతు నీళ్ళలో, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు గౌను అంచు ఎత్తి పట్టుకుని నిలబడింది. కిందికి చూస్తోంది. రాళ్ళ దగ్గర ఎర్రవి మేస్తున్నాయేమో, వాటి వెనకాల నీలంది తిరుగుతోందేమో, ఇక్కణ్ణుంచి నాకు కనబడదు. ఆమె చాలాసేపట్నుంచి కదలకుండా చూస్తోంది కాబట్టి ఉన్నాయనే అనుకుంటున్నాను. మన ఆర్డర్ సంగతి ఆమెకి నేను చెప్పలేదు. నా భార్యా చెప్పలేదు. ఎవరి నోటి నుంచైనా ఆమెకి తెలియకముందే, ఈ రోజే, ఆపండి.